స్క్రీన్ నల్లగా ఉందని పాత కంప్యూటర్‌ను తూకానికి వేయకండి

ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఇళ్లలో, డీటీపీ షాపుల్లో, మదరసా ఆఫీసుల్లో ఓ మూలన దుమ్ము పట్టిన పాత డెస్క్‌టాప్‌లు ఇంకా కనిపిస్తాయి. బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, స్క్రీన్ మీద మాత్రం ఏమీ రాదు. "ఇది పోయిందిలే" అని పాత సామాన్ల బండికి ఇచ్చేసేవాళ్లు కొందరు. ఎవరో "ఫార్మాట్ కొడితే వస్తుంది" అంటే సరేననేవాళ్లు ఇంకొందరు. రెండూ తొందరపాటే. అందులో అబ్బాజాన్ ఫోటోలు ఉండొచ్చు, నికాహ్ వీడియో ఉండొచ్చు, ఇంటి కాగితాల స్కాన్లు, మసీదు కమిటీ లెక్కలు ఉండొచ్చు.

ముందు స్క్రీన్, తర్వాతే హార్డ్ డిస్క్

పవర్ బటన్ నొక్కగానే కంప్యూటర్ తనను తాను పరీక్షించుకుంటుంది. ముందు ఎస్‌ఎంపీఎస్ నుంచి కరెంటు సరిగా వస్తోందా, తర్వాత ప్రాసెసర్, ర్యామ్, ఆ తర్వాత డిస్‌ప్లే. ఇవన్నీ కుదిరాకే స్క్రీన్ మీద మొదటి అక్షరాలు పడతాయి. విండోస్ కోసం హార్డ్ డిస్క్ దగ్గరికి వెళ్లేది అన్నిటికన్నా చివర్లో.

అంటే మొదటి అక్షరం కూడా రాకుండా స్క్రీన్ నల్లగా ఉంటే, తప్పు చాలావరకు హార్డ్ డిస్క్‌ది కాదు. ఫైళ్లు అందులో క్షేమంగానే ఉండే అవకాశం ఎక్కువ. ఫార్మాట్ అనేది హార్డ్ డిస్క్‌కు చేసే పని. మొదటి నుంచీ బొమ్మ రాని కంప్యూటర్‌కు దానివల్ల లాభం లేదు, ఉన్న ఫైళ్లు పోవడం తప్ప. ఎవరు చెప్పినా ఈ ఒక్క మాటకు ఒప్పుకోవద్దు.

ఉర్దూ ఫైళ్లుంటే ఇంకా జాగ్రత్త

ఉర్దూ డీటీపీ కోసం ఇన్‌పేజ్ 1994లో వచ్చింది. పెళ్లి కార్డులు, జల్సా పోస్టర్లు, మదరసా పుస్తకాలు ఏళ్ల తరబడి దాంట్లోనే తయారయ్యాయి. పాత ఇన్‌పేజ్ యూనికోడ్ వాడేది కాదు. ఆ ఫైలును నేరుగా ఫోన్లోనో వర్డ్‌లోనో తెరిస్తే ఉర్దూ కనిపించదు. తెలుగులో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్‌దీ ఇదే కథ, ఆ ఫాంట్లు లేని మెషీన్‌లో పిచ్చి గీతల్లా వస్తుంది. అలాంటి ఫైళ్లకు పాత కంప్యూటరే తాళం చెవి. అందుకే దాన్ని లేపడానికి ఒక ప్రయత్నం చేయడం మంచిది.

ఖర్చు లేని పనులు ముందు

1. మానిటర్‌ను వేరే కంప్యూటర్‌కు పెట్టి చూడండి. నీలం రంగు వీజీఏ కేబుల్‌లో 15 పిన్నులుంటాయి, ఒకటి వంగినా బొమ్మ రాకపోవచ్చు. వెనక రెండు వీజీఏ పోర్టులుంటే కేబుల్ డిస్‌ప్లే కార్డు వైపే పెట్టాలి.

2. ఎస్‌ఎంపీఎస్ వెనక 115, 230 అని చిన్న ఎర్ర స్విచ్ ఉంటే అది 230 మీదే ఉండాలి. మన దగ్గర 115 మీద పెట్టి ఆన్ చేస్తే ఎస్‌ఎంపీఎస్ కాలిపోతుంది.

3. ప్లగ్ పూర్తిగా తీసేయండి. పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టండి, మిగిలిన కరెంటు దిగుతుంది. క్యాబినెట్ తెరిచి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, తడిగుడ్డ వద్దు. హార్డ్ డిస్క్ కేబుళ్లు ఊడదీసి పక్కన పెట్టండి. స్క్రీన్ రావడానికి దాని అవసరం లేదు, ఈ పరీక్షల్లో దానికి దెబ్బా తగలదు.

4. క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకి, ర్యామ్ బయటికి తీయండి. బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు తుడిచి, రెండు వైపులా "టక్" మనేదాకా నొక్కి పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ఏళ్లపాటు వాడని మెషీన్లలో చాలావాటికి ఇక్కడే ప్రాణం వస్తుంది.

5. పెంటియం 4 కాలం నుంచి వచ్చిన బోర్డుల్లో ప్రాసెసర్ పక్కన 4 పిన్నుల చిన్న పవర్ కనెక్టర్ ఉంటుంది. అది ఊడితే ఫ్యాను తిరుగుతుంది, బొమ్మ రాదు.

6. బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, పేరు సీఆర్2032, 3 వోల్టులు. పాతదైతే మార్చండి. సెల్ తీసి పది నిమిషాలు ఆగితే పాత సెట్టింగులు కూడా చెరిగిపోతాయి. కొన్నిసార్లు అదే చాలు.

ఉదయగిరి చెక్క చెంచాల పని చూసినవాళ్లకు తెలుసు, అక్కడ బలం కన్నా ఓపిక ముఖ్యం. ఇదీ అంతే. ఒక పని చేసి, ఆన్ చేసి చూసి, మళ్లీ ప్లగ్ తీశాకే ఇంకో పని.

బీప్ ఏం చెబుతుంది

బోర్డుకు చిన్న స్పీకర్ ఉంటే చెవి పెట్టి వినండి. అవార్డ్ బయాస్ బోర్డుల్లో ఒక పొడుగు బీప్, రెండు చిన్న బీప్‌లు వస్తే డిస్‌ప్లే సమస్య. ఆగకుండా పొడుగు బీప్‌లు వస్తే సాధారణంగా ర్యామ్ సమస్య. ఏమీ వినపడకపోతే ర్యామ్ మొత్తం తీసి ఆన్ చేయండి. అప్పుడు బీప్ వస్తే బోర్డు, ప్రాసెసర్ బతికే ఉన్నాయని అర్థం. అప్పుడూ మౌనమే అయితే పని మెకానిక్‌దే.

ఉబ్బిన కెపాసిటర్లు

బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటివి కెపాసిటర్లు. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు మరక కారినా అవి పోయినట్టే. 2000ల తొలి ఏళ్లలో వచ్చిన బోర్డుల్లో ఈ లోపం ప్రపంచమంతా కనిపించింది. డెల్ కంపెనీ ఆప్టిప్లెక్స్ జీఎక్స్270, జీఎక్స్280 మోడళ్ల సమస్య మీద 2005లో 30 కోట్ల డాలర్లు లెక్కలో పక్కన పెట్టాల్సి వచ్చింది. టంకం పని బాగా తెలిసిన టీవీ మెకానిక్ ఎవరైనా వీటిని మార్చగలరు. అదే వోల్టేజీ, అదే మైక్రోఫారడ్ ఉన్నవి వేయమని చెప్పాలి.

వీటి జోలికి పోవద్దు

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. పాత డబ్బా మానిటర్‌ను అసలు తెరవద్దు, పిక్చర్ ట్యూబు దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. పిల్లల్ని పక్కకు పంపి పని చేయండి. కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్ తీసేయాలి.

ఇక లేవదని తేలితే

అప్పుడు కూడా ఫైళ్ల మీద ఆశ వదలక్కర్లేదు. హార్డ్ డిస్క్ విప్పి, ఐడీఈ లేదా సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్‌తో ల్యాప్‌టాప్‌కు కలపొచ్చు. పెద్ద హార్డ్ డిస్క్‌కు విడిగా కరెంటు కావాలి కాబట్టి పవర్ వైరు కూడా ఉన్న అడాప్టరే కొనండి. "డిస్క్‌ను ఫార్మాట్ చేయాలా" అని విండోస్ అడిగితే వద్దు అని నొక్కి, తెలిసినవాళ్లకు చూపించండి.

కంప్యూటర్‌ను తూకానికి ఇచ్చినా హార్డ్ డిస్క్ మాత్రం ఇంట్లోనే ఉంచుకోండి. అందులోని ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ స్కాన్లు ఎవరి చేతిలో పడతాయో చెప్పలేం. మిగతాది కూడా రాగి కోసం కాల్చేవాళ్లకు ఇవ్వకండి, ఆ పొగలో విషం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇలాంటి సామాను రిజిస్టరైన రీసైక్లర్లకే చేరాలి.

బొమ్మ వస్తే సంతోషమే, కానీ ఆటలు, సినిమాలు తర్వాత. విండోస్ ఎక్స్‌పీ అయితే 2014 ఏప్రిల్ 8తోనే దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి, కాబట్టి ఇంటర్నెట్ కలపకండి. ఫోటోలు, కాగితాలు అదే రోజు రెండు చోట్ల కాపీ తీయండి. ఇన్‌పేజ్ ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి పీడీఎఫ్‌గానో, అది కుదరకపోతే ప్రింటుగానో దాచండి. పాత మెషీన్ ఒకసారి లేచిందంటే రెండోసారి కూడా లేస్తుందన్న గ్యారంటీ లేదు.