పదిమంది దిద్దు కోడు

యంత్రము చేయవలసిన పనులను వరుసగా తెలుపు ఆజ్ఞలకు కోడ్ అని పేరు. అట్టి ఆజ్ఞల కూర్పే సాఫ్ట్‌వేర్. పెక్కు సంస్థలు కోడును దాచియుంచి, దాని ఫలమును మాత్రమే మనకిచ్చును. కోడును అందఱకు చూపి, చదువుటకు, మార్చుటకు, పంచుటకు హక్కునిచ్చునది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన లినక్స్‌ను ఇట్లే లోకము ముందుంచెను. అప్పటికాతని వయస్సు 21 ఏండ్లు. నేటి ఆండ్రాయిడ్ ఫోనులకు ఆధారము ఆ లినక్సే.

తెలుగు చెప్పు మేము ఈ విషయమునేల చేపట్టితిమని తలిదండ్రులడుగవచ్చును. సమాధానము మన అక్షరములలోనే కలదు. కంప్యూటరు అక్షరములనెఱుగదు, అంకెలనే యెఱుగును. యూనికోడ్ అను అంతర్జాతీయ ఏర్పాటులో తెలుగు 'క'కు 3093, కన్నడ 'క'కు 3221 సంఖ్యలు. భేదము 128. 'మ'ను తీసికొన్నను అంతే భేదము. తెలుగునకిచ్చిన 128 గదులు ముగియగానే కన్నడపు గదులు మొదలగును. బాగేపల్లిలోను, చింతామణిలోను ఇరుగుపొరుగుగా నున్న రెండు భాషలు అచ్చటను ఇరుగుపొరుగులే.

సంఖ్య యున్నంత మాత్రమున అక్షరము తెరపై కుదురుగా నిలువదు. 'స్త్రీ' అనుటకు ఆరు సంఖ్యలు కావలెను: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. వానిని ఒక్క రూపముగా పేర్చు పనిని ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రె ఆఫీసులలో హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ చేయుచున్నది. పేర్పు తప్పినచో ఏమగునో 2018 ఫిబ్రవరిలో తెలిసినది. 'జ్ఞా' అను అక్షరము, కంటికి కనబడని యొక గుర్తుతో కూడి వచ్చినంతనే, ఆపిల్ ఐఫోనులలో సందేశముల ఆప్‌లు మూతపడినవి. సంస్థవారు ఆ నెలలోనే సరిదిద్దిరి. కాని ఆ కోడు బయటివారికి కనబడునది కాదు. కావున తెలుగెఱిగినవారు ఎందఱున్నను, దోషమును తెలిపి వేచియుండుట తప్ప వేఱు దారి లేకపోయెను.

ఓపెన్ సోర్స్‌లో దారి వేఱు. దోషమును చూచినవాడు మొదట మూడు విషయములు వ్రాసి పంపవలెను: ఏమి టైపు చేసితిమి, ఏమి రావలసియుండెను, ఏమి వచ్చెను. ఇదియే మొదటి సేవ. కోడు వ్రాయనేర్చినవాడు మూలమునకు నకలు తీసికొని, ఆ యొక్క దోషమునే దిద్ది, పరీక్షించి, కారణముతో పంపును. నిర్వాహకులు పంక్తి పంక్తిని పరిశీలించి, ఒప్పైనచో మూలమున చేర్తురు. పూడిక తీయునాడు ఊరందఱును తలకొక గంప మన్ను మోసినను, తూము తెఱచువాడు నీరుగంటియే కదా! ఎవరేది ఎప్పుడు మార్చిరో గిట్ అను సాధనము భద్రపఱచును. దానిని 2005లో ఆరంభించినవాడును టోర్వాల్డ్సే. పంపినది తిరిగివచ్చినచో చిన్నబుచ్చుకొనరాదు. అది మీ వ్యాసపుస్తకములలో మేము పెట్టు ఎఱ్ఱసిరా గీత వంటిది.

కోడు రానివారికిని పని కలదు. తెరపై కనబడు ఆంగ్లపు మాటలను తెలుగు చేయుట అట్టిది. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేయు లినక్స్‌ను సిద్ధపఱచిరి. 'సేవ్' అనుటకు 'భద్రపఱచు' అనవలెనా, మన యిండ్లలో పలుకు 'దాచు' చాలునా యని తేల్చుటకు నిఘంటువొక్కటి చాలదు. ఆ భాషలో బ్రదుకువారు కావలెను.

చర్చలు ఎక్కువగా ఆంగ్లముననే జరుగును. అందుకు జంకనక్కఱలేదు, చిన్న వాక్యములు చాలును. మన పిల్లలకు వేఱొక బలము కలదు. కైవారము తాతయ్యగారు తెలుగునను, కన్నడమునను రచనలు చేసిన సీమ మనది. రెండు లిపులు చదువగల విద్యార్థి ఒకదానిలో కనిపెట్టిన దోషమును రెండవదానిలోను వెదకగలడు. 

విద్యార్థులారా! ఈ సెలవులలో వాచకము నుండి సంయుక్తాక్షరములు గల పదములు ఇరువది యేర్చి, లిబ్రె ఆఫీసులో టైపు చేసి చూడుడు. కుదరనివి కనబడినచో వ్రాసి తెండు. ఎట్లు పంపవలెనో కలిసి నేర్చుకొందము.