పాత కాలిక్యులేటర్‌కు పరీక్ష పెడదామా?

పరీక్షలు ఎప్పుడూ మనమే రాయాలా? ఈసారి మనమే ఒక యంత్రానికి పరీక్ష పెడదాం. మీ ఇంటి బీరువాలోనో, తాతగారి ట్రంకుపెట్టెలోనో మూలబడి ఉన్న పాత కాలిక్యులేటరే ఆ యంత్రం. "ఫోనులోనే లెక్కలు వస్తుంటే ఇదెందుకు?" అంటారా? ఫోను పైకి కనబడనీయని ఒక రహస్యాన్ని ఇది బయటపెడుతుంది.

జేబులోకి వచ్చిన లెక్క

వనపర్తి రాజభవనంలో నడుస్తున్న పాలిటెక్నిక్ 1959లో మొదలైంది. అప్పటికి జేబులో పట్టే ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇంజనీరింగు చదివేవారికి సంవర్గమాన పట్టికలు, స్లైడ్ రూలే దిక్కు. 1971లో జపానుకు చెందిన బిజికామ్ కంపెనీ, లెక్కచేసే వలయాలన్నిటినీ ఒకే చిప్‌లో ఇమిడ్చిన చేతి కాలిక్యులేటర్‌ను తెచ్చింది. 1972లో అమెరికాలో హెచ్‌పీ-35 వచ్చింది. సైన్, కొసైన్, సంవర్గమానాలు కూడా చెప్పిన మొదటి చేతి యంత్రం ఇదే. దాని ధర 395 డాలర్లు! మన దేశంలో శివ్ నాడార్, ఆయన మిత్రులు మైక్రోకాంప్ అనే సంస్థ పెట్టి కాలిక్యులేటర్లు అమ్మారు. తరువాత హెచ్‌సీఎల్ కంపెనీని నిర్మించింది ఈ బృందమే.

వెలుగును బట్టి వయసు

నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో పత్తి, వేరుశనగ వ్యాపారం చేసేవారిని, రిటైరైన ఉపాధ్యాయులను అడిగి చూడండి. పాత సామాన్ల దుకాణాల్లోనూ వెతకండి. దొరికిన యంత్రంలో అంకెలు ఎర్రగా వెలిగితే అది బహుశా 1970లనాటిది. చీకట్లో దాన్ని పక్కలకు వేగంగా ఊపండి. అంకెలు విడివిడి ముక్కలుగా కనబడవచ్చు. అన్నీ ఒకేసారి వెలగక, ఒకదాని తరువాత ఒకటి వెలగడమే దీనికి కారణం. మన కన్ను ఆ వేగాన్ని పట్టుకోలేదు.

ఆకుపచ్చ, నీలం కలిసిన వెలుగైతే లోపల గాజుగొట్టం ఉందన్నమాట. బూడిదరంగు మీద నల్లని అంకెలైతే అది ద్రవ స్ఫటికం. దానికి సొంత వెలుగు లేదు, అందుకే సెల్ తక్కువ తింటుంది. 1973లో వచ్చిన షార్ప్ ఈఎల్-805 ఒక్క పెన్సిల్ సెల్‌తో దాదాపు 100 గంటలు పనిచేసేది.

ఇక ప్రశ్నపత్రం

మొదటి ప్రశ్న: 1ని 3తో భాగించి, వచ్చినదాన్ని 3తో గుణించండి. జవాబు 1 రావాలి కదా! ఎనిమిది అంకెల పాత యంత్రం చాలావరకు 0.9999999 అంటుంది. 3ల వరుసకు అంతం లేదు, యంత్రంలో చోటుకు అంతం ఉంది. మిగిలిన 3లను అది వదిలేసింది.

రెండవ ప్రశ్న: 2 + 3 × 4. 20 వస్తే, యంత్రం నొక్కిన వరుసలోనే లెక్కచేసింది. 14 వస్తే, గుణకారం ముందు చేయాలన్న నియమం దానికి నేర్పారు.

మూడవ ప్రశ్న: 1ని 3తో భాగించి, తెరపై కనబడిన సంఖ్యనే తీసివేయండి. సున్నా రాకుండా ఏదైనా చిన్న సంఖ్య మిగిలితే, తెరమీద చూపని అంకెలు లోపల దాచుకుందన్నమాట!

ఖరీదైన యంత్రమూ తప్పింది. మొదటి హెచ్‌పీ-35లలో 2.02కు సహజ సంవర్గమానం కనుక్కుని, దాన్నుంచి తిరిగి మూలసంఖ్యను అడిగితే 2 అని వచ్చేది! తప్పు బయటపడ్డాక, యంత్రాన్ని మార్చి ఇస్తామని కంపెనీ కొన్నవారికి తెలిపింది.

జాగ్రత్తలు

సెల్ పెట్టే చోట తెల్లని పొడి గాని, పచ్చని చిలుము గాని ఉంటే వేలితో తాకకండి. పెద్దలకు చూపండి. ఎన్ని వోల్టులో చూసుకుని, ప్లస్, మైనస్ సరిచూసి కొత్త సెల్స్ వేయండి. పరీక్ష అయ్యాక తీసేయండి. పాత అడాప్టర్‌ను కరెంటుకు తగిలించవద్దు. పనికిరాని యంత్రాన్ని కాల్చకండి, పగలగొట్టకండి. అతుకుల్లోని సీసం మట్టిలో కలుస్తుంది.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఒక్కొక్క యంత్రానికి ఒక పేజీ. కంపెనీ, మోడల్, అంకెల సంఖ్య, వెలుగు రంగు, మూడు ప్రశ్నలకు అదిచ్చిన జవాబులు రాయండి. ఎవరు, ఏ పనికి వాడారో కూడా అడిగి రాయండి. యంత్రం తూకానికి పోతే ఆ సంగతులూ దానితోనే పోతాయి.

రహస్యం తెలిసిందా? యంత్రానికి సంఖ్యలు తెలియవు, కొన్ని అంకెలే తెలుసు. మీ ఫోనులోనూ చోటు అంతులేనిది కాదు. అందుకే తెర మీద జవాబు చూసేముందు, ఉజ్జాయింపుగా ఎంత రావాలో మనసులో అనుకోండి. ఆ అలవాటుకు సెల్ అక్కరలేదు!