పిడుదు తెచ్చే జ్వరం

రామకృష్ణాపూర్ గని క్వార్టర్లలో కుక్క పడుకోని వరండా అరుదు. మొన్న మా మందిరపు మెట్లమీద ఒక కుక్క చెవి మడతలో గింజలవలె ఉబ్బిన పిడుదులను ఆదివారపు బడి పిల్లవాడొకడు గోళ్లతో నలుపుచుండగా చూచి వెంటనే ఆపాను. నలిగిన పిడుదు రసము గాయములోనికో, కంటిలోనికో పోయినా జబ్బు అంటవచ్చును.

ఆ జబ్బు తెచ్చే సూక్ష్మజీవులను రికెట్సియా అంటారు. 1906లో అమెరికాలో ఒక మచ్చల జ్వరం పిడుదుల వలన వ్యాపించునని చూపిన హోవార్డ్ రికెట్స్ పేరే అది. ఆయన 1910లో మెక్సికోలో టైఫస్ జ్వరమును పరిశోధించుచు అదే సోకి మరణించాడు. మన దేశపు పిడుదు టైఫస్‌లో తీవ్రమైన జ్వరం, తలనొప్పి, కొన్నాళ్లకు అరచేతులు, అరికాళ్లలో సైతం ఎర్రని దద్దుర్లు వస్తాయి. టైఫాయిడ్ అని పొరబడి వేరే మందులు వాడితే రోజులు వృథా. డాక్సీసైక్లిన్ సకాలంలో పడితే సాధారణంగా రెండు మూడు రోజులలో జ్వరం దిగుతుంది. గనుక “ఇంట్లో కుక్క ఉంది, పిడుదు కుట్టింది” అని డాక్టరుగారితో మీరే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు.

కుక్కకు పిడుదుల వలన వచ్చే ఎర్లికియా వేరు. అది మనుషులకు సోకుట బహు అరుదు. కుక్క చిక్కిపోయి, ముక్కునుండి రక్తం కారితే పశువుల డాక్టరుకు చూపించండి, పాపం తరిమివేయకండి.

చర్మానికి పట్టిన పిడుదును సన్నని పట్టకారుతో మొదట్లో పట్టి, నలపకుండా నిదానంగా పైకి లాగాలి. కిరోసిను, అగ్గిపుల్ల వద్దు. కుక్క పిడుదు గుడ్లు పెట్టేది కుక్కమీద కాదు, గోడ పగుళ్లలో, వేలకొద్దీ. పాత క్వార్టరు గోడలకు ఆ పగుళ్లు కొదువా? సిమెంటు పెట్టి పూడ్చండి.