జానెడు బొమ్మకు రెండు మూరల చీర

బొమ్మల పెళ్ళి యను ముచ్చట తెలుగు ఇండ్లలో తరతరములుగా సాగినది. ఆడపిల్లలు ఇరుగుపొరుగు నేస్తములను వియ్యాలవారుగా పిలుచుకొని, గుడ్డపీలికలతో చేసిన బొమ్మకు పసుపు బట్ట చుట్టి, పూసల పేరు వేసి, బాసికము కట్టి, పప్పుబెల్లములు పంచి, పెద్దల పెళ్ళిలో ఏయే మర్యాదలు కలవో అవి యన్నియు ఆ జానెడు వధూవరులకు జరిపించెడివారు. ఆ వేడుకలో పెద్దలు వినోదమును చూచిరి గాని, సూదిలోనికి దారమెక్కించుట, అంచు మడిచి కుట్టుట, కుచ్చిళ్ళను సమముగా పేర్చుట మొదలైన పనులను ఆ బాలికలు తమకు తెలియకుండగనే అభ్యసించుచుండిరని గుర్తించినవారు తక్కువ. లోకమున నేడు వయసు వచ్చిన స్త్రీలును పురుషులును శ్రద్ధతో చేపట్టుచున్న ఒక వ్యాసంగము, అనగా సేకరించి దాచుకొను మేలిరకపు బొమ్మలకు స్వహస్తములతో దుస్తులు కుట్టి అలంకరించుట, మన బొమ్మల పెళ్ళికి దూరపు చుట్టము కాదు, తోబుట్టువే. ఈ విద్యను అభ్యసించుటకు హైదరాబాదు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్ మొదలు ఎల్బీనగర్ వరకు వ్యాపించిన ప్రాంతమును మించిన చోటు దొరకుట కష్టమని నా దృఢాభిప్రాయము. ఆ మాటకు కారణము ముందు చెప్పెదను.

మన దేశమున బొమ్మకు బట్ట కట్టు సంప్రదాయములలో మిక్కిలి గంభీరమైనది మరపాచి బొమ్మలది. శేషాచలపు అడవులలో పెరుగు ఎర్రచందనముతో తిరుపతి ప్రాంతపు శిల్పులు స్త్రీపురుషుల జంటను చెక్కుదురు. తమిళదేశమునను, దానికి చేరువనున్న తెలుగు సీమలలోను ఆ జంటను పెండ్లికూతురికి పుట్టింటివారు కానుకగా నిచ్చుటయు, నవరాత్రుల కొలువులో దానికే అగ్రస్థానము కల్పించుటయు ఆచారము. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రపై రంగులతోనే చీర ధరించి పుట్టును. మట్టి బొమ్మయు అంతే. మరపాచి బొమ్మ మాత్రము వస్త్రమునకై ఎదురుచూచును. ప్రతి సంవత్సరము కొలువునకు ముందు తల్లియు కూతురును కూర్చుండి ఆ దంపతులకు క్రొత్త పట్టుపీలికలు, జరీ అంచులు, ముత్యాల సరములు అమర్చవలసినదే. అమ్మ చేతికి వచ్చిన జంట అమ్మమ్మగారి చేతులలో నలిగినదై యుండుట అరుదు కాదు. ఆంధ్రదేశపు కోస్తా జిల్లాలలో సంక్రాంతికిని, మరికొన్నిచోట్ల దసరాకును బొమ్మల కొలువు పెట్టుదురు. ఈ రెండు ఆచారములును హైదరాబాదులో కలిసి నివసించుచున్నవి.

శ్రావణమాసమున వరలక్ష్మీ వ్రతము వచ్చునప్పటికి ఇదే విద్య మరియొక రూపమున ప్రత్యక్షమగును. కలశముపై అమ్మవారి ముఖమునుంచి, దానికి చీర కట్టి, కుచ్చిళ్ళు విప్పార్చి, వడ్డాణము పెట్టి నిలుపుట సామాన్యమైన నేర్పు కాదు. అది చేతకానివారి కొరకు ముందే కుచ్చిళ్ళు కుట్టి సిద్ధపరచిన చిన్న చీరలను పూజాసామగ్రి దుకాణములు అమ్ముచున్నవి. అట్టి చిన్న చీరను కుట్టగలిగిన చేయి ఏ దేశపు బొమ్మకైనను చీర కట్టగలదు.

పడమటి దేశములలో ఈ వ్యాసంగమునకు వేరొక చరిత్ర కలదు. చిత్రపటములు సులభముగా అచ్చుకాని కాలమున ఫ్రాన్సు దేశపు దర్జీలు తమ క్రొత్త ఫ్యాషన్లను బొమ్మలకు తొడిగి పరదేశపు రాజాస్థానములకు పంపెడివారు. ఆ బొమ్మలకు పండోరాలని పేరు. రెండవ ప్రపంచ యుద్ధము ముగియవచ్చిన దినములలో, 1945 మార్చిలో, పారిస్ నగరమున తెయాత్ర్ ద లా మోద్ అను ప్రదర్శనము జరిగినది. నిండు దుస్తులు కుట్టుటకు గుడ్డ కరవైన ఆ సమయమున ఫ్రెంచి దర్జీశాలలు ఇనుప తీగెతో చేసిన సుమారు 27 అంగుళముల బొమ్మలకు తమ శ్రేష్ఠమైన పనితనమును ధరింపజేసినవి. ఆ చిన్న గుండీలు నిజముగా పెట్టుకొనదగినవి, ఆ చిన్న జిప్పులు నిజముగా జారునవి. కరవునకు వెరవక కళను చిన్న కొలతలో బ్రదికించుకొన్న ఆ పనివారియెడల నాకు గొప్ప గౌరవము. ఆ బొమ్మలు నేడు అమెరికాలోని మేరీహిల్ కళాప్రదర్శనశాలలో ఉన్నవి. 1959 మార్చి 9న రూత్ హ్యాండ్లర్ న్యూయార్కు బొమ్మల సంతలో ప్రవేశపెట్టిన బార్బీ ఎత్తు 11.5 అంగుళములు, ఆమె తొలి దుస్తులను రూపొందించిన షార్లెట్ జాన్సన్ జపానుకు పోయి అచ్చటి కుట్టుపనివారి చేత వానిని కుట్టించినది. మన తెలుగువారు అనేకులు స్థిరపడిన అమెరికాలో అమెరికన్ గర్ల్ అను 18 అంగుళముల బొమ్మల వరుసకు ఆదరణ ఎక్కువ. అందు 2023 సంవత్సరపు బాలికగా వెలువడిన కవి శర్మ భారతసంతతి పిల్ల. ఆ బొమ్మ చిన్నపిల్ల గనుక దానికి చీర నప్పదు. పట్టు పరికిణీ, పొట్టిచేతుల జాకెట్టు నప్పును.

ఇక అసలు విషయమునకు వత్తము. బొమ్మదుస్తులు కుట్టుట పెద్ద దుస్తులు కుట్టుటకంటె సులభమని భావించువారు, కొలత తగ్గినను గుడ్డ మందము తగ్గదను ఒక్క సత్యమును మరచుచున్నారు. బార్బీ వంటి బొమ్మ మనిషిలో ఆరవ వంతు. అందుచే దానిపై వేసిన ప్రతి వస్త్రమును చూపరుల కంటికి ఆరు రెట్లు దళసరిగా తోచును. మనము కట్టుకొన్నప్పుడు పూరేకువలె తేలిపోవు నూలుచీర ఆ నడుము చుట్టు జంబుఖానా చుట్టినట్లు ఉబ్బును. మనకు అంగుళమునకు 12 కుట్లు చక్కని కుట్టు. అదే కుట్టు బొమ్మపై అరంగుళమునకు ఒక్కటిగా, పక్కదుప్పటిపై వేసిన పోగువలె కనబడును. కనుక మిషను కుట్టు పొడవును సుమారు ఒక మిల్లీమీటరునకు దింపవలెను, 14, 16 నంబరు సూదులు తీసి 9 లేక 11 నంబరు సూది బిగింపవలెను, కుట్టు వెలుపల వదలు గుడ్డను మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించనీయరాదు. అంత తక్కువ గుడ్డ పోగులుగా విడిపోవును గదాయన్న, రవికెకు మొత్తము పలుచని లైనింగు వేసి అంచులన్నియు లోపలికి మరలించుటయే సరియైన మార్గము. బంక పూసి అంటించువారు కలరు గాని, దానిని నేను కుట్టుపనిలో లెక్కింపను.

చీర లెక్కయు అట్టిదే. 5.5 మీటర్ల పొడవు, సుమారు 1.15 మీటర్ల వెడల్పు గల చీరను ఆరు చేత భాగించిన పొడవు 92 సెంటీమీటర్లు, వెడల్పు 19 సెంటీమీటర్లు తేలును. మన పాత కొలతలో చెప్పవలెనన్న రెండు మూరల పొడవు, జానెడుకు తక్కువ వెడల్పు. లెక్క ప్రకారము ఇది చాలును గాని, ఆ మొత్తమును నడుము చుట్టు దోపినచో బొమ్మ గర్భవతివలె కనిపించును. అందుచే నిపుణులు లోపలి చుట్టును తొలగించి, కుచ్చిళ్ళను విడిగా మడిచి కుట్టి, పలుచని లంగాకు అతుకుదురు. పైట మాత్రము స్వేచ్ఛగా వ్రేలాడనిత్తురు. కుచ్చిళ్ళకు పలుచని గంజి పెట్టి, దారముతో కట్టి, రాత్రియంతయు ఆరనిచ్చి, ఉదయమున ఇస్త్రీ చేసినచో అవి నిలుచును. మనుష్యుల చీర తన బరువుచేతనే క్రిందికి జారి అందమును పొందును. బొమ్మచీరకు బరువు లేదు గనుక ఆ అందమును చేతులతో కల్పింపవలసినదే.

రవిక కుట్టుటలో మరియొక చిక్కు. జాకెట్టు భుజములు కలిపి, ప్రక్కలు కుట్టి, తర్వాత చేయి ఎక్కించుట కొందరు దర్జీల పద్ధతి. అంగుళము కూడ లేని చంక గుండ్రమున అది అసాధ్యము. ఇక్కడ గుడ్డ పరచినదై యుండగనే చేతులను అతికి, ఆ పిమ్మట ప్రక్కలను చేతి కొననుండి నడుము వరకు ఒకే కుట్టున మూయవలెను. బొమ్మ చేతులు వంగవు గనుక వెనుక భాగము పూర్తిగా తెరచుకొనవలెను. అచ్చట హుక్కులు లావగును, వెల్క్రో పోగులను పట్టి లాగును. మిక్కిలి చిన్న టిచ్ బటన్లు మేలు. తొడుగునప్పుడు బొమ్మ వ్రేళ్ళు గుడ్డకు తగులకుండ చేతికి ఒక ప్లాస్టిక్ కాగితపు తొడుగు వేయుట అనుభవజ్ఞుల ఉపాయము. ముదురు ఎరుపు, నలుపు, నీలి రంగుల గుడ్డలను ముందు ఉతికి రంగు వదలునో లేదో చూడవలెను. వినైల్ దేహము రంగును పీల్చుకొన్నచో ఆ మరక సాధారణముగా పోదు, విలువైన బొమ్మ ఒక్క పండుగకే పాడగును.

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్ మాట. మలక్‌పేట దాటి విజయవాడ రహదారి పట్టినచో ఇరుప్రక్కల బట్టల అంగళ్ళు, మ్యాచింగ్ సెంటర్లు, లేసుల దుకాణములు, ఫాల్-పీకో వేయువారు, మగ్గం వర్కు చేయువారు ఒకరినొకరు ఒరసికొని కనిపింతురు. చైతన్యపురి, కొత్తపేట దాటి ఎల్బీనగర్ కూడలి వరకు ఆ వరుస దాదాపు తెగదు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్బీనగర్ వరకు మెట్రో నడచినప్పటినుండి పడమటి కాలనీలవారును ఇచ్చటికి సులభముగా రాగలుగుచున్నారు. "పావు మీటరు కంటే తక్కువ కట్ చెయ్యమమ్మా" అని అంగడివారు చెప్పుట సహజము. అందు బాధపడవలసినది లేదు, పావు మీటరు వాయిల్‌లో బొమ్మకు రవికెలు అరడజను వచ్చును. బొమ్మలవారికి నిజమైన నిధి దర్జీల యొద్ద మిగిలిన ముక్కల సంచి. మగ్గం వర్కులో మిగిలిన పూసలు, చమ్కీలు వడ్డాణమునకును, జడబిళ్ళకును సరిగ్గా సరిపోవును. లేసుల అంగడిలో అడుగవలసినది అన్నిటికంటె సన్నని జరీ పట్టీ. నాలుగంగుళముల పట్టు అంచు బొమ్మపై 17 మిల్లీమీటర్లకు దిగవలెనని మరువరాదు.

ఈ ప్రాంతమునకు గల అసలైన భాగ్యము దాని తూర్పున నున్న మగ్గములు. ఎల్బీనగర్ దాటి అదే రహదారిపై సాగినచో చౌటుప్పల్ సమీపమున కొయ్యలగూడెము, ఒక ప్రక్కకు పోచంపల్లి, మరియొక ప్రక్కకు తేలియా రుమాలుకు ప్రసిద్ధమైన పుట్టపాక వచ్చును. అయితే ఈ ఊళ్ళ ఇక్కత్తు నమూనాను బొమ్మకు వాడుట కఠినపరీక్ష. రెండంగుళముల పువ్వు ఆరవ వంతు బొమ్మపై అడుగు వెడల్పున కనబడును. కాబట్టి నమూనా నడుమను విడిచి, రెండు రంగులు కలియుచోట ఏర్పడు సన్నని చారలను వెదకి కత్తిరింపవలెను. నారాయణపేట చిన్న గళ్ళు, మంగళగిరి నూలు బొమ్మకు అనుకూలము. పలుచదనమున కెల్ల శిఖరము సిరిసిల్ల నేతగాండ్రు నల్ల పరంధాములు, నల్ల విజయ్ నేసిన, అగ్గిపెట్టెలో ఇమిడిపోవు చీర. అది మనుష్యులకై నేసినదే యైనను, బొమ్మలవారు కలలో కోరు గుడ్డ యెట్టిదో దానిని చూచి తెలిసికొనవచ్చును.

కుట్టిన దుస్తును తొడుగుటతో పని ముగియదు. ఛాయాచిత్రము తీయునప్పుడు కెమెరాను బొమ్మ కన్నుల మట్టమునకు దింపవలెను. పైనుండి తీసిన చిత్రమున బొమ్మ ఆటవస్తువుగానే మిగులును. కిటికీ వెలుతురు చాలును.

దుస్తుల బొమ్మలకు విజ్ఞాన ప్రతిపత్తి కలదని నిరూపించినవారు వ్యంగ్యచిత్రకారులు శంకర్. బాలల చిత్రలేఖనపు పోటీకి బహుమతిగా హంగరీ రాయబారి యిచ్చిన ఒక బొమ్మతో ఆయన యుత్సాహము మొదలుకాగా, 1965 నవంబరు 30న ఢిల్లీలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతులమీదుగా ఆయన అంతర్జాతీయ బొమ్మల ప్రదర్శనశాల ప్రారంభమైనది. అచ్చటి కర్మశాలలోనే మన దేశపు వివిధ ప్రాంతముల వధువులకు, నర్తకులకు సరియైన దుస్తులతో బొమ్మలను చేసిరి. పోలండు దేశమున 1980లో జరిగిన బొమ్మల ప్రదర్శనమున వానికి ప్రథమ బహుమతి లభించినది. గద్వాల చీర కుట్టు అంచు, వ్యవసాయపు పనికి దోపిన గోచి, లంగావోణీ పైట మడత, సిద్దిపేట గొల్లభామ చీర మొదలైనవి ఏ ఊరిలో ఎట్లు కట్టిరో ఆ ప్రకారమే బొమ్మలపై నిలుపుట మన తెలుగునేలపైనను జరుగవలసిన పని. అది ప్రభుత్వము చేయువరకు వేచియుండ నక్కరలేదు, ఇంటిలో కూర్చుండి ఒక్కొక్కరు ఒక్కొక్క బొమ్మతో చేయదగినది.

ఈ ప్రాంతపు వీధులలో పాత పట్టుచీరలను జరీకొరకు కొనువారు తరచు కేక వేయుచు వత్తురు. వారికి చీర అప్పగించుటకు ముందు, పాఠకులారా, అంచు చిరుగని చోట నుండి రెండు మూరల ముక్కను కత్తిరించి తీసికొనుడు. ఆ చీర ఎవరిది, ఏ ఊరి నేత, ఏ శుభకార్యమునకు కొన్నది అను మూడు సంగతులను ఒక కాగితముపై వ్రాసి దానికి గ్రుచ్చుడు. చిన్న అంచు గల ముక్క బొమ్మచీరకు, పెద్ద అంచు గల ముక్క పరికిణీకి పనికి వచ్చును.