శబ్దము దారి చూపు శస్త్రచికిత్స

రొమ్ము కాన్సరు సాధారణముగా మొదట చంకలోని గ్రంథులకు ప్రాకును. పూర్వము వైద్యులు వానిలో పెక్కింటిని తొలగించెడివారు. అందువలన పలువురు స్త్రీలకు చేయి వాచి, పనిపాటలు కష్టమగుచుండెడివి. 1993లో అమెరికా వైద్యుడు డేవిడ్ క్రాగ్ బృందము వేరొక మార్గమును ప్రకటించెను. రేడియోధార్మిక టెక్నీషియము కలిపిన ద్రవమును కొలదిగా రొమ్ములో సూదితో ఎక్కింతురు. 6 గంటలకొకసారి దాని శక్తి సగమగును గనుక భయము లేదు. అది మొదటి గ్రంథిని చేరి నిలుచును. వైద్యుడు కడ్డీ వంటి పరికరమును చంకపై జరుపగా, గ్రంథిని సమీపించుకొలది దాని ధ్వని త్వరితమగును. ఆ ధ్వని ననుసరించి చిన్న కోతతో గ్రంథిని తీసి పరీక్షింతురు. అందు కాన్సరు లేనిచో తక్కినవానిని తాకనక్కరలేదు.

ఈ మేలు ముఖ్యముగా తొలిదశలో వచ్చినవారికే దక్కును. కావున రొమ్ములో గడ్డ తగిలినచో, నొప్పి లేకున్నను, సిగ్గుపడక ఆసుపత్రికి పోవలెనని గ్రామ స్త్రీలకు బోధింప పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.