ఒక ఇంజను – మూడు పెట్టెలు: మనం ఏ విమానం అడగాలి?



మొన్న సైన్సు సార్ ఒక చిన్న ఇంజను తెచ్చి చూపించిండు కదా. అది బొమ్మ కాదు, నిజంగా నడిచే ఇంజను. హైదరాబాదులో సార్ దోస్తు ఒకాయన చిన్న విమానాలు కట్టి రేడియోతో ఎగరేసేవారు. ఇప్పుడు ఆయనకు కండ్లు సరిగ్గా కనబడుత లేవు. అందుకని ఆ ఇంజను, రేడియో మనకు ఇచ్చిండ్రు. వాళ్ళింట్లో ఇంకా విప్పని కిట్ పెట్టెలు మూడు ఉన్నాయట. ఒకటి మనకు ఇస్తమన్నరు. ఏది కావాలో మనమే చెప్పాలి. మిగిలిన రెండు వేరే బడికి పోతయి.

వచ్చే ఆదివారం సాయంత్రం ప్రార్థన అయినంక చేతులెత్తి తేల్చుకోవాలి. అంతకుముందు ఈ సంగతి అందరికీ తెలియాలని రాస్తున్నాను. సార్ ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్తే నేను నోటుబుక్కులో రాసుకున్న.

గ్లో ఇంజను అనగా ఏమి?

మన ఇంజను మీద 40 అని ఉంది. అంటే 0.40 ఘనపు అంగుళాలు. మన లెక్కలో సుమారు 6.5 సి.సి. దగ్గు మందు మూతలో పట్టేంత. ఊర్లో తిరిగే మోటారు సైకిలు ఇంజను 100 సి.సి. ఉంటది. దాని ముందు ఇది పిల్లది. కాని నిమిషానికి 10 వేల చుట్లకు పైగా తిరుగుతుంది.

దీనికి పెట్రోలు పొయ్యరు. మిథనాల్ అనే ద్రవం పోస్తరు. అందులో నూనె కలుపుతరు. ఆ నూనె ఏందో తెలిస్తే మీరు నవ్వుతరు. ఆముదం! పోటీలలో వాడే ఒక రకం ఇంధనంలో నూటికి 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదం. ఇప్పుడు వేరే నూనెలు కూడా కలుపుతరు. నైట్రోమీథేన్ కొంచెం కలిపితే బలం పెరుగుతుంది. ఈ ఇంజనుకు వేరుగా నూనె పోసే చోటు లేదు. ఇంధనంలో ఉన్న నూనెనే లోపలి భాగాలు అరగకుండ కాపాడుతుంది.

పైన గ్లో ప్లగ్ ఉంటుంది. దాంట్లో ప్లాటినం కలిసిన సన్న తీగె చుట్ట ఉంటది. మొదట 1.5 వోల్టుల బ్యాటరీ పెడితే అది ఎర్రగా కాలుతది. ఇంజను అందుకున్నాక బ్యాటరీ తీసేస్తరు. అయినా తీగె ఆరిపోదు. మిథనాల్ ఆవిరి ప్లాటినానికి తగిలి మండుతూ ఉంటది, ఆ వేడికే తీగె ఎర్రగా నిలుస్తది. ఉత్ప్రేరకం అని మనం సైన్సులో చదివినది ఇదే.

40 ఇంజనుకు ఏ కిట్ అయినా సరిపోదు. చిన్న విమానానికి పెడితే ముక్కు బరువై పోతది. మరీ పెద్దదానికి పెడితే లేవదు. ఈ మూడు పెట్టెలు మాత్రం మూడూ 40 ఇంజనుకు సరిపోయేవే. కాబట్టి ఇంజను చూసి తేల్చుకునే పని లేదు. మనల్ని మనం చూసుకుని తేల్చుకోవాలి.

మూడు పెట్టెలు

మూడూ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సిగ్ అనే కంపెనీ చేసినవి. గ్లెన్ సిగఫూస్, హేజెల్ అనే భార్యాభర్తలు 1951లో దాన్ని మొదలుపెట్టిండ్రు. 1980లో గ్లెన్ విమాన ప్రమాదంలో చనిపోయినంక హేజెల్ గారే ముందుండి నడిపించింది. ఆమె కూడా పైలటే. ఇది మన పిల్లలందరు తెలుసుకోవాలని రాసిన.

1. ఫోర్ స్టార్ 40: రెక్క కింద ఉంటది. ఈ చివరి నుంచి ఆ చివరకు సుమారు 152 సెం.మీ. బరువు రెండుంపావు కిలోలు. చూడ ముచ్చటగ యుద్ధ విమానం లెక్క ఉంటది. పల్టీలు కొడతది.

2. కాడెట్ ఎల్.టి. 40: రెక్క పైన ఉంటది. 178 సెం.మీ. బరువు సుమారు 2.6 కిలోలు. నేర్చుకునేవాళ్ళ కోసం చేసినది. రెక్కకు ఐలరాన్లు ఉంటయి. ఐలరాన్ అంటే రెక్క వెనుక అంచున కదిలే పలక.

3. కాడెట్ సీనియర్: రెక్క పైన ఉంటది. 198 సెం.మీ., అంటే దగ్గర దగ్గర రెండు మీటర్లు. బరువు సుమారు 2.9 కిలోలు. ఇది కూడా నేర్చుకునేవాళ్ళ కోసమే. ఐలరాన్లు లేకుండనే ఎగురుతది. చూడటానికి పాత కాలం దాని లెక్క ఉంటది.

బొమ్మలు చూపించిన రోజు తొమ్మిది, పది తరగతుల్లో చానా మంది ఫోర్ స్టార్ అన్నరు. దాచుడెందుకు, నేను కూడా దానికే చెయ్యెత్తిన. తర్వాత నోటుబుక్కులో లెక్క చేసిన. అప్పుడు మనసు మారింది.

ఆ లెక్క ఏమిటి?

బియ్యం బస్తా ఇద్దరు మోస్తే ఒక్కొక్కరి మీద ఎక్కువ బరువు పడతది. నలుగురు పడితే తక్కువ పడతది. విమానం బరువును రెక్క మోస్తది. రెక్క విశాలం ఎంత ఎక్కువైతే ఒక్కో ముక్క మీద బరువు అంత తక్కువ. 10 సెం.మీ. పొడుగు, 10 సెం.మీ. వెడల్పు ఉన్న చదరం ముక్క ఒకటి అనుకుందాం. ఫోర్ స్టార్ రెక్కలో అట్లాంటి ముక్కలు సుమారు 39. ఎల్.టి. 40కి 58. సీనియర్‌కు 74. బరువును వీటితో భాగించిన.

ఫోర్ స్టార్ – ఒక్కో ముక్క మీద సుమారు 58 గ్రాములు
ఎల్.టి. 40 – సుమారు 45 గ్రాములు
సీనియర్ – సుమారు 39 గ్రాములు

చూసిండ్రా? అన్నిటికన్నా బరువైన విమానమే రెక్క మీద అన్నిటికన్నా తేలిక. ఇట్లాంటిది మెల్లగ పోయినా కింద పడదు. ఎక్కువ బరువు మోసే రెక్క గాలిలో నిలవాలంటే జోరుగా పోవాలి. మెల్లగైతే ఒక్కసారి జారుతుంది. దిగేటప్పుడు కూడా జోరుగనే దిగాలి.

మెల్లగ పోతే మనకేం లాభం? ఆలోచించుకునే టైం దొరుకుతది. విమానం మన నుంచి దూరం పోతున్నప్పుడు ఎడమ అంటే ఎడమనే. అదే మన వైపు తిరిగి వస్తున్నప్పుడు దాని ఎడమ మనకు కుడి అవుతుంది. కొత్తవాళ్ళు అందరూ ఇక్కడనే తప్పు చేస్తరట. సార్ ఒక ఉపాయం చెప్పిండు. మన వైపు వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలితే అటు వైపుకే పుల్ల జరపాలి. అప్పుడు రెక్క లేస్తది. ఈ మాట గుర్తు రావడానికి రెండు మూడు సెకండ్లు కావాలి. జోరుగా వచ్చే విమానం ఆ సెకండ్లు ఇయ్యదు.

ఇంకొకటి. సీనియర్ రెక్కలు రెండూ చివర్ల దగ్గర పైకి లేచి, వెడల్పాటి 'వి' లెక్క ఉంటయి. ఒక పక్కకు ఒరిగి జారితే కిందికి ఉన్న రెక్కకు గాలి ఎక్కువ తగులుతది, అది తిరిగి లేస్తది. మనం గాబరా పడి పుల్ల వదిలేసినా, కొంచెం ఎత్తులో ఉంటే, దానంతట అదే సర్దుకుంటది. ఇట్లాంటి రెక్క ఉండబట్టే ఐలరాన్లు లేకున్నా తోకకు ఉన్న చుక్కానితో తిరుగుతది.

కట్టేది మనమే

కిట్ అంటే తయారైన విమానం కాదు. పెట్టెలో బల్సా అనే తేలిక కర్ర ముక్కలు, ఒక పెద్ద నక్ష కాగితం ఉంటయి. బల్సా దక్షిణ అమెరికా చెట్టు. ఒక లీటరు డబ్బా అంత టేకు ముద్ద సుమారు 650 గ్రాములు ఉంటే, అంతే బల్సా సుమారు 150 గ్రాములే ఉంటది. నక్షను బల్ల మీద పరిచి, దాని మీదనే ముక్కలు పెట్టి అతికించాలి. పొడుగు బద్దలు, వాటికి అడ్డంగ పక్కటెముకల లెక్క పలకలు. ఆ పైన ప్లాస్టిక్ పొర పరిచి ఇస్త్రీ పెట్టెతో బిగియాలి. ఆ పొర లేకపోతే ఇంధనంలోని నూనె కర్రలోకి ఇంకి పాడు చేస్తది.

మేము కొలాం వాళ్ళం. మా ఇండ్లల్ల అందరికి వెదురు పని వచ్చు. పోయిన ఆదివారం హాస్టలు ఫోనులో బాపుకు ఈ ముచ్చట చెప్పిన. బాపు బడికి పోలేదు. విమానం దగ్గరగా చూడలేదు. అంతా విని అడిగిండు, "పడితే ఎవరు బాగు చేస్తరు బిడ్డా?" అని. మేమే చెయ్యాలె అన్న. అప్పుడు బాపు అన్నడు, "ఎవలైనా ముందుగాల పెండ తట్టనే అల్లుతరు. అది జర వంకరొచ్చినా పెండ మోస్తది. చాట వంకరొస్తే బియ్యం కింద పడతయ్. ముందుగాల చాట పట్టుకోకు."

నాకు అప్పుడు తెలిసింది. ఫోర్ స్టార్ చాట. సీనియర్ పెండ తట్ట. చాట అల్లవద్దని కాదు. దాని వంతు తర్వాత వస్తది.

పడదని ఎవరూ చెప్పలేరు. పడినప్పుడు ఏమైతదో చూడాలి. సీనియర్ రెక్కను రబ్బరు బ్యాండ్లతో కడతరు. దెబ్బ తగిలితే రెక్క పక్కకు జరుగుతది, చానా సార్లు విరగదు. పక్కటెముక విరిగితే నక్ష మన దగ్గరనే ఉంటది, అదే కొలతతో ఇంకొకటి కోసుకోవచ్చు.

పోయిన ఏడు వచ్చిన థర్మాకోలు విమానం మీకు యాది ఉందా? మొదటి రోజే మూడు ముక్కలైంది. అది ఇప్పటికీ స్టోరు రూములో బీరువా మీదనే ఉంది. ఎట్ల అతికించాలో మనకు తెలువలేదు, ఎందుకంటే అది మనం కట్టింది కాదు. ఆ రోజు చూడ వచ్చిన ఒకాయన, "వీళ్ళకెందుకు ఇవి, కుట్టు మిషను ఇస్తే సరిపోయేది కదా" అన్నడు. నేను పక్కనే చీపురు పట్టుకుని ఉన్న. కుట్టు మిషను మంచిదే. నాకు కూడా కుట్టుడు వచ్చు. కాని ఆ మాట అన్న తీరు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటది. ఈసారి మొదటి రోజే ముక్కలైతే ఆ మాటే మళ్ళ వినాలి.

మరి ఎల్.టి. 40 ఎందుకు వద్దు?

ఇది న్యాయమైన ప్రశ్న. అది కూడా మంచిదే. గాలి వీచే రోజు సీనియర్ కన్నా అదే నయం. పెద్ద రెక్క, తేలిక బరువు ఉన్న సీనియర్‌ను గాలి పక్కకు నెట్టుకుపోతది. ఐలరాన్లు ఉంటయి కాబట్టి ఎల్.టి. 40 మీద నేర్చుకున్నది తర్వాత వేరే విమానాలకు సూటిగ పనికొస్తది. పొట్టిది కాబట్టి పెట్టుకునే జాగ కూడా తక్కువ కావాలి.

కాని మన సంగతి చూడండి. ఎగరేయడం బాగా వచ్చినాయన నెలకు ఒక్క ఆదివారమే వస్తరు. ఆయన చేతిలో ఒక రేడియో, మన చేతిలో ఒక రేడియో వైరుతో కలిపి ఉంటయి. మనం తప్పు చేస్తే ఆయన వెంటనే అందుకుంటరు. నెలకు ఒక రోజే నేర్చుకునేవాళ్ళకు అన్నిటికన్నా ఓపిక గలది కావాలి. గాలి సంగతికి ఉపాయం ఉంది. పొద్దున్నే మన గ్రౌండులో జెండా కూడా కదలదు.

అందుకని నా ఓటు కాడెట్ సీనియర్‌కు.

వార్డెన్ మేడం గార్లకు మనవి

1. మూడో పెట్టె వస్తే రెండు మీటర్ల సమంగా ఉన్న బల్ల కావాలి. నేను కొలిచిన, డైనింగు హాలు బల్ల సరిపోతది. రాత్రి భోజనాలు అయినంక ఒక గంట ఇప్పించగలరు. బల్ల తుడిచే పని మాది.

2. ఎగరేసే ఆదివారం పొద్దున 6 నుంచి 7 వరకు గ్రౌండుకు పోనియ్యాలి.

3. మిథనాల్ విషం. తాగితే కండ్లు పోతయి, ప్రాణం పోతది. పగటి పూట దాని మంట కంటికి సరిగా కనబడదు. ఆ డబ్బా తాళం వేసి మీ దగ్గరనే ఉంచగలరు. వంటశాల దగ్గర పెట్టొద్దు.

పిల్లలు కూడా వినాలి. తిరిగే ఫ్యాను వేలును కోసేస్తది. ఇంజను అందుకున్నాక ఫ్యాను వెనుక వైపే నిలబడాలి, దాని ముందుగాని పక్కనగాని ఉండొద్దు. జడ, చున్నీ గట్టిగా ముడి వేసుకోవాలి. హాస్టలు మీద నుంచి, మనుషుల మీద నుంచి, రోడ్డు మీద నుంచి ఎగరేయొద్దు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం కూడా ఇట్లాంటి మోడల్ విమానాన్ని కంటికి కనబడేంత దూరంలోనే ఎగరేయాలి.

ఆఖరుగా ఒక మాట. నాతో ఒప్పుకోనివాళ్ళు ఉంటే ఈ కాగితం కింద ఖాళీ జాగ వదిలిన. మీ కారణం రాయండి. "అందంగ ఉంది" అని రాస్తే సరిపోదు, లెక్క రాయాలి. నా భాగహారం తప్పైతే దిద్దండి. ఆదివారం ఏది గెలిచినా పక్కటెముకలు కొయ్యడానికి నేను వస్త. వెదురు చీరే కత్తి పట్టుడు నాకు తెలుసు.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని
9వ తరగతి