పాత స్పోర్ట్స్ కారులో మొరాయించిన సీటు

అమెరికాలో షెవ్రోలే సంస్థవారు 1953లో మొదలుపెట్టిన కార్వెట్ అను స్పోర్ట్స్ కారు తరతరములుగా రూపము మార్చుకొనుచు వచ్చినది. అందు నాల్గవ తరపు కార్ల తయారీ 1983లో ఆరంభమైనది. 1984 మోడలు పేరుతో విపణికి వచ్చిన ఈ కార్లు కెంటకీ రాష్ట్రమందలి బౌలింగ్ గ్రీన్ కర్మాగారమున 1996 వరకు తయారైనవి. కావున వీనిలో మిక్కిలి క్రొత్తదానికి సైతము పాతికేండ్లు దాటినవి. ఇంజనును కంటికి రెప్పవలె కాచుకొను యజమాని కూడ, ఒకనాడు మీట నొక్కినప్పుడు సీటు కదలకున్నచో దిక్కు తోచక నిలిచిపోవును.

ఇది కేవలము సుఖమునకు సంబంధించిన విషయము కాదు. పొడుగరి నడిపిన కారులో పొట్టివాడు కూర్చున్నప్పుడు సీటు ముందుకు రాకున్నచో బ్రేకు పెడలు పాదమునకు పూర్తిగా అందదు. అట్టి కారును రోడ్డుమీదికి తీయరాదు. ఇక ఖర్చు సంగతి చూతము. సీటు కదలలేదనగానే మోటారు కాలినదని తీర్మానించి మరియొక మోటారు కొరకు వెదకుట పరిపాటి. పాత కారునుండి ఊడదీసిన మోటారుకు వయస్సు తక్కువ యేమియు ఉండదు. దానిని తెచ్చి బిగించిన పిమ్మట కూడ సీటు కదలకున్నచో ధనము, శ్రమ రెండును వృథాయగును. కావున మోటారును నిందింపక ముందు, అసలు లోపమెచట నున్నదో కనుగొను పద్ధతిని మేమిచట వివరింపదలచితిమి.

మొదట సీటు కదలు విధానము తెలియవలెను. ఈ కార్లలో విద్యుత్తుతో కదలెడి సీటుక్రింద మూడు చిన్న మోటార్లు ఒకేచోట అమర్చబడి యుండును. ఒకటి సీటును ముందువెనుకలకు జరుపును. ఒకటి ముందంచును, మరియొకటి వెనుకంచును ఎత్తుటకు, దించుటకు పనికివచ్చును. ఇట్లు మూడు మోటార్లతో ఆరు కదలికలు కలుగును. ప్రతి మోటారునుండి ఇరువైపులకు ఒక్కొక్క ఉక్కుకేబులు పోవును. తొడుగులో గిరగిర తిరుగు ఈ కేబులు, సీటు పట్టాలకు అమర్చిన గేర్లను త్రిప్పును. గేర్లు మోటారు వేగమును తగ్గించి, బలమును పెంచి, మనిషితో సహా సీటును కదలించును. మోటారు ఏ దిక్కునకు తిరుగవలెనో నిర్ణయించునది స్విచ్చి. అది రెండు వైర్లలో ఒకదానికి బ్యాటరీ కరెంటు నిచ్చి, రెండవదానిని ఎర్తునకు కలుపును. దిక్కు మార్చవలసినప్పుడు ఆ రెంటిని తారుమారు చేయును.

ఈ మాత్రము తెలిసినచో లోపమును చాలవరకు చెవితోనే పోల్చవచ్చును. కారును ప్రశాంతమైన చోట నిలిపి, ఇంజను ఆపి, ఒక్కొక్క మీటను నొక్కుచు శ్రద్ధగా వినవలెను.

ఏ మీట నొక్కినను ఏ శబ్దమును రాకున్నచో, మూడు మోటార్లును ఒకేసారి చెడుట అరుదని గ్రహింపవలెను. లోపము ఆ మూడింటికి ఉమ్మడియైన దారిలో ఉండును. బ్యాటరీ, సర్క్యూట్ బ్రేకరు, సీటుక్రింది ప్లగ్గు, ఎర్తు వైరు, ఈ వరుసలో చూడవలెను. కార్వెట్ విషయమున ఎర్తు వైరును ప్రత్యేకముగా గమనింపవలెను. దీని పైభాగము ఫైబరుగ్లాసుతో చేయబడినది. ఫైబరుగ్లాసు కరెంటును ప్రసరింపనీయదు. ఇనుపరేకుల కార్లలోవలె ఎర్తు వైరును ఎచటనో ఒకచోట బిగించిన చాలదు; అది లోహపు చట్రమువరకు పోవలెను. పైగా ఈ కార్లలో పెక్కింటికి ఊడదీయుటకు వీలైన పైకప్పు పలక కలదు. దాని అంచు రబ్బరు ముదిరినచో వాననీరు లోనికి దిగి, తివాచీక్రింద నిలిచి, ప్లగ్గులకు చిలుము పట్టించును. కప్పు కారుట ఆపక ప్లగ్గు శుభ్రము చేసినచో వచ్చే వానకాలమునకు మరల అదే పని పడును.

ఒక మీట ముందుకు పనిచేసి వెనుకకు పనిచేయకున్నచో మోటారు నిరపరాధి. ఒక దిక్కునకు తిరిగిన మోటారు రెండవ దిక్కునకును తిరుగగలదు. సీటు ఆ దిక్కున పట్టా చివరకు చేరియుండలేదని చూచుకొని, స్విచ్చిలోని కాంటాక్టులను పరీక్షింపవలెను. అవి నల్లబడియున్నచో శుభ్రము చేసినంతనే చక్కబడుట కలదు.

మోటారు ఒకసారి మూలిగి ఆగి, కొంతసేపటికి మరల మూలుగుచున్నచో సీటు ఎచటనో బిగుసుకొన్నదని అర్థము. తిరుగలేని మోటారు అధికముగా కరెంటు లాగును. బ్రేకరులోని రెండు లోహముల రేకు వేడెక్కి వంగి కరెంటును త్రెంచును. చల్లారిన పిదప మరల కలుపును. ఇట్టి సమయమున మీటను పట్టుకొని నొక్కుచునే యుండుట మోటారును చేజేతుల కాల్చుకొనుటయే. పట్టాలలో పడిన నాణెమో, పెన్నో, ఎండి గట్టిపడిన గ్రీజో దీనికి కారణము కావచ్చును. పాత గ్రీజును పూర్తిగా తుడిచి, పలుచగా క్రొత్త గ్రీజు పూయవలెను.

మోటారు జుయ్యుమని తిరుగుచున్నను సీటు కదలకున్నచో కరెంటు, స్విచ్చి, మోటారు మూడును బాగున్నట్లే. కేబులు కొన అరిగియో, గూటినుండి జారియో యుండవచ్చును. లేదా గేరు పండ్లు అరిగియుండవచ్చును. సీటు ఒకవైపు మాత్రమే కదలి వంకర తిరుగుచున్నచో, కదలని వైపు కేబులును చూడవలెను. వంకరను గమనించిన క్షణముననే మీట విడువవలెను. లేనిచో పట్టాలు బిగుసుకొని, గేరు విరిగి, చిన్న మరమ్మతు పెద్దదగును. కొన్ని స్పోర్ట్ సీట్లలో నడుమునకు ఆనికగా గాలితిత్తులు, వానికి చిన్న పంపు ఉండును. ఆ పంపు శబ్దమును సీటు మోటారు శబ్దముగా పొరబడరాదు.

చెవి చూపిన లోపమును పరికరముతో నిర్ధారింపవలెను. ఇచట ఒక మెలకువ కలదు. చిలుము పట్టిన వైరులో కూడ వోల్టుమీటరు 12 వోల్టులు చూపవచ్చును; ఏలయన మీటరు తీసికొను కరెంటు అత్యల్పము. మోటారును త్రిప్పవలసినంత కరెంటును ఆ వైరు మోయలేదు. అందుచే 55 వాట్ల హెడ్‌లైటు బల్బునకు రెండు వైర్లు అతికి, ప్లగ్గువద్ద పెట్టి చూచుట మేలు. అది ఇంచుమించు నాలుగున్నర ఆంపియర్లు తీసికొనును. వెలుగు నిండుగా ఉన్నచో దారి బాగున్నది. మసకగా ఉన్నచో దారిలోనే లోపమున్నది.

సీటును ఊడదీయవలసివచ్చినచో మరియొక చిక్కు ఎదురగును. ముందు బోల్టులు అందుటకు సీటు వెనుకకు, వెనుక బోల్టులు అందుటకు ముందుకు జరుగవలెను. కదలని సీటు వానిని కప్పియుంచును. అప్పుడు ప్లగ్గును విడదీసి, ఫ్యూజు అమర్చిన వైర్లతో మోటారుకు బ్యాటరీనుండి సూటిగా కరెంటు నిచ్చి సీటును జరుపవచ్చును. మోటారు తిరిగినచో దాని మంచితనము కూడ ఋజువైనట్లే. అదియు సాగనిచో కేబులును మోటారునుండి విడదీసి, కొనను చిన్న డ్రిల్లులో బిగించి మెల్లగా త్రిప్పవలెను. ఒక్కొక్క వైపు కొంచెము కొంచెముగా త్రిప్పకున్నచో సీటు వంకరపోవును.

బోల్టులు విప్పుటకు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసివేయవలెను. 1990 మోడలునుండి స్టీరింగు చక్రమున ప్రమాదరక్షణకు గాలిసంచి కలదు. దాని వైర్ల జోలికి పోరాదు. సీటును మరల ఎక్కించుటకు ముందు ఇరువైపుల పట్టాలు సమానమైన దూరమున నున్నవో లేవో కొలిచి చూడవలెను. ప్రమాదమున సీటును నేలకు పట్టియుంచునవి ఆ బోల్టులే. కావున వానిని తయారీదారుల మాన్యువల్ చెప్పినంత బిగువుతో బిగింపవలెను.

ఇన్ని పరీక్షలును దాటి, సూటిగా కరెంటు నిచ్చినను, కేబుళ్లు విడదీసినను తిరుగని మోటారే నిజముగా చెడిన మోటారు. అప్పుడు మాత్రమే దానికొరకు డబ్బు తీయవలెను.